జైలే చదువన్న తండ్రి, చదువే కావాలన్న కొడుకు

విశాఖపట్నంలో ఎవరికి కష్టం వచ్చినా చివరికి చేరేది జీవీఎంసీ (నగరపాలక సంస్థ) దగ్గరున్న గాంధీ విగ్రహం ముందుకే. అంగన్‌వాడీ కార్యకర్తలు, జీతాలు అందని కాంట్రాక్టు ఉద్యోగులు, 2021 నుంచి ప్రైవేటీకరణ వద్దంటున్న స్టీల్‌ప్లాంట్ కార్మికులు అక్కడే టెంటు వేసుకున్నారు, అక్కడే రిలే దీక్షలకు కూర్చున్నారు. గాంధీ బొమ్మ ఎదుట కూర్చుని న్యాయం అడగడం ఈ ఊరికి అలవాటైన పని. అయితే గాంధీజీ మీదే ఫిర్యాదు పట్టుకుని, ఆయన నేర్పిన పద్ధతిలోనే ఆయనను నిలదీసిన మనిషి ఒకడున్నాడు. ఆయన పెద్దకొడుకు హరిలాల్.

హరిలాల్ పేరెత్తగానే మనవాళ్ళ నోట మొదట వచ్చే మాట 'పండిత పుత్రః పరమ శుంఠః'. తాగుబోతు, అప్పులవాడు, మతం మార్చుకుని తండ్రి పరువు తీసినవాడు అంటూ కథ ముగించేస్తారు. కొత్త తరంలో ఇంకో మాట వినిపిస్తోంది. దేశానికి తండ్రి అయినవాడు సొంత కొడుక్కి తండ్రి కాలేకపోయాడని, తప్పంతా గాంధీజీదేనని. రెండు మాటలూ చెప్పడం తేలిక. కానీ 1888 నుంచి 1948 దాకా సాగిన ఆ జీవితాన్ని వరసగా చూస్తే, తండ్రీ కొడుకుల మధ్య గొడవ చాలావరకు ఒకే ఒక్క మాట చుట్టూ తిరిగినట్టు కనిపిస్తుంది. ఆ మాట 'చదువు'.

హరిలాల్ 1888 ఆగస్టులో పుట్టాడు. కొద్ది రోజులకే, సెప్టెంబరు 4న, గాంధీజీ బారిస్టరు చదువు కోసం బొంబాయిలో ఓడ ఎక్కారు. అప్పటికి ఆయనకు పద్దెనిమిదేళ్ళు. తిరిగి వచ్చింది 1891లో. రెండేళ్ళు గడిచేసరికి మళ్ళీ దక్షిణాఫ్రికా ప్రయాణం. అంటే కొడుకు పుట్టినప్పటి నుంచి తండ్రి ఇంట్లో ఉన్న రోజులు తక్కువ, ఆ లేకపోవడానికి మొదటి కారణం తండ్రి చదువే. 1896 చివర్లో కుటుంబమంతా డర్బన్ బయలుదేరింది. 1897 జనవరిలో ఓడ దిగిన గాంధీజీ మీద తెల్లవాళ్ళ గుంపు దాడి చేసింది. ఆ ఓడలో వచ్చిన ఎనిమిదేళ్ళ పిల్లవాడికి తండ్రి గురించిన తొలి పెద్ద జ్ఞాపకం అదే అయి ఉంటుంది.

డర్బన్‌లో పిల్లల చదువు సమస్యగా మారింది. గాంధీజీ పిల్లలకు యూరోపియన్ల బడిలో ప్రత్యేకంగా సీటు ఇచ్చేవారే. మిగతా భారతీయుల పిల్లలకు లేని సౌకర్యం తన పిల్లలకు వద్దని ఆయన ఒప్పుకోలేదు. కొన్నాళ్ళు నెలకు ఏడు పౌన్లు ఇచ్చి ఒక ఇంగ్లీషు టీచరమ్మను ఇంట్లో పెట్టారు. తరువాత తానే చెబుతానన్నారు. జోహానెస్‌బర్గ్‌లో ఆఫీసుకు నడిచి వెళ్తూ దారిలో పిల్లలకు పాఠాలు చెప్పేవారు. ఈ నడక చదువు గురించి ఆత్మకథలో ఆయనే రాశారు. అక్కడే ఇంకో మాట కూడా ఉంది, చాలామంది గమనించరు. ఆ నడకలో పెద్దవాడు లేడు, అతను ఇండియాలో ఉండిపోయాడు. మణిలాల్, రామదాస్, దేవదాస్‌లకు బడి లేకపోయినా కనీసం రోజూ తండ్రి పక్కన నడిచే అవకాశం దొరికింది. హరిలాల్‌కు బడీ సరిగా దక్కలేదు, నడకా దక్కలేదు.

1906లో రాజ్‌కోట్‌లో హరిలాల్ పెళ్ళి జరిగింది. అమ్మాయి పేరు గులాబ్, అందరూ చంచల్ అనేవారు. ఆమె తండ్రి హరిదాస్ వోరా గాంధీజీకి స్నేహితుడు. అబ్బాయికి అప్పుడే పెళ్ళి వద్దన్నది గాంధీజీ అభిప్రాయం. పెళ్ళయినా సరే, కాకపోయినా సరే, ప్రస్తుతానికి అతన్ని కొడుకుగా అనుకోవడం మానేశానని అన్న లక్ష్మీదాస్‌కు ఉత్తరం రాశారు. కొడుకు వయసు అప్పటికి పద్దెనిమిది కూడా నిండలేదు. ఈ ఉత్తరం చదివినప్పుడు మనసు చివుక్కుమంటుంది. తాగుడు, అప్పులు, మతం మార్పిడి, ఇవేవీ ఇంకా జరగలేదు. జరిగింది ఒక పెళ్ళి, అది కూడా పెద్దల సమక్షంలో.

అయినా హరిలాల్ తండ్రి దగ్గరికే వెళ్ళాడు. కథలో అసలు మెరిసే భాగం ఇదే, కానీ చెప్పేవాళ్ళు దీన్నే దాటేస్తారు. 1908 జులైలో జోహానెస్‌బర్గ్ వీధుల్లో లైసెన్సు లేకుండా పళ్ళు అమ్మి హరిలాల్ అరెస్టయ్యాడు. కావాలనే చేశాడు, చట్టాన్ని ధిక్కరించడానికి. కోర్టులో అతని తరఫున నిలబడిన లాయరు తండ్రే. కొడుకుని జైలుకు ఎందుకు పంపావని కొందరు అడిగితే గాంధీజీ పత్రికలో జవాబిచ్చారు. దేశం కోసం జైలుకు వెళ్ళడం హరిలాల్ చదువులో ఒక భాగం అన్నారు. చంచల్ ఒడిలో అప్పటికి నెలల పాప ఉంది. 1908కి, 1911కి మధ్య హరిలాల్ ఆరుసార్లు జైలుకు వెళ్ళాడు. అక్కడి జనం అతన్ని 'ఛోటే గాంధీ' అని పిలిచేవాళ్ళు. ఇరవై రెండేళ్ళ వయసులోపు ఆరుసార్లు కటకటాలు లెక్కపెట్టిన కుర్రాణ్ణి పరమ శుంఠ అనడానికి నోరెలా వస్తుంది?

ఆ జైళ్ళ మధ్యలోనే స్కాలర్‌షిప్ సంగతి వచ్చింది. గాంధీజీ ఆప్తమిత్రుడు డాక్టర్ ప్రాణ్‌జీవన్ మెహతా ఆయన కొడుకుల్లో ఒకరిని ఇంగ్లండు పంపి చదివిస్తానన్నారు. గాంధీజీ సొంత కొడుకుని పక్కనపెట్టి, ఉద్యమంలో పనిచేస్తున్న ఛగన్‌లాల్‌ను ఎంపిక చేశారు. ఆరోగ్యం బాగోక అతను మధ్యలోనే తిరిగి వచ్చాడు. ఆ తరువాత అవకాశం సొరాబ్జీ అడాజానియా అనే పార్శీ యువకుడికి వెళ్ళింది. రెండోసారి కూడా హరిలాల్ పేరు లేదు.

దీన్ని ఈ రోజు తెలుగువాళ్ళు చదివితే రెండు రకాలుగా మనసు ఊగుతుంది. మన రాజకీయాల్లో నాయకుడి కొడుకంటే టికెట్టు ఖాయం, పదవి ఖాయం, ఫ్లెక్సీ మీద ఫొటో ఖాయం. ఇలాంటి చోట గాంధీజీ చేసింది చూస్తే చెయ్యెత్తి దండం పెట్టాలనిపిస్తుంది. ఇంకోవైపు చీపురుపల్లిలోనో చోడవరంలోనో ఉన్న అరెకరం అమ్మి, మద్దిలపాలెంలో గది అద్దెకు తీసుకుని కొడుకుని కాలేజీలో చేర్పించే తండ్రి ఉన్నాడు. అతనికి గాంధీజీ చేసిన పని అర్థమే కాదు. సీటు దానంతట అది ఇంటికి వస్తే తండ్రే అడ్డుపడ్డాడా అంటాడు.

గాంధీజీ సూత్రం గట్టిదే. ఉద్యమానికి వచ్చిన సాయం కుటుంబానికి పోకూడదు. కానీ హరిలాల్ అడిగింది నాయకుడి కొడుకు హోదాలో కాదు, ఆరుసార్లు జైలుకు వెళ్ళిన సత్యాగ్రహిగా అడిగాడు. అదే పని ఇంకో ఇంటి కుర్రాడు చేసి ఉంటే జాబితాలో అతని పేరు ముందు వరసలో ఉండేదేమో. కొడుకు కాబట్టి ఇవ్వడం పక్షపాతమైతే, కొడుకు కాబట్టి ఇవ్వకపోవడం కూడా పక్షపాతమే. పైగా సూత్రం తండ్రిది, దాని ఖర్చు మాత్రం కొడుకు ఖాతాలో పడింది. ఆ ఖర్చు భరిస్తావా అని అతన్ని ఎవరూ అడగలేదు.

1911 మేలో హరిలాల్ చెప్పకుండా, దక్షిణాఫ్రికాలో తండ్రి నడుపుతున్న ఆశ్రమం టాల్‌స్టాయ్ ఫారం వదిలి వెళ్ళిపోయాడు. పోర్చుగీసు వాళ్ళ రేవు పట్టణం డెలగోవా బే దాకా వెళ్ళాక ఆచూకీ దొరికింది. వెనక్కి వచ్చాడు, తండ్రితో రాత్రంతా మాట్లాడాడు, తరువాత ఇండియా వెళ్ళిపోయాడు. ఎందుకంటే చదువుకోవడానికి. అహ్మదాబాదులో ఇరవై మూడేళ్ళ వయసులో, పెళ్ళాం పిల్లలున్న మనిషి, పిల్లల పక్కన బడి బల్ల మీద కూర్చున్నాడు. సంస్కృతం బదులు ఫ్రెంచి తీసుకున్నాడని తండ్రి అక్కడినుంచి ఉత్తరంలో నొచ్చుకున్నారు. మెట్రిక్ పరీక్ష మళ్ళీ మళ్ళీ తప్పాడు. పునాది పడాల్సిన వయసులో పడకపోతే తరువాత ఎంత పట్టుదల ఉన్నా కష్టమని ట్యుటోరియల్ కాలేజీలో పాఠం చెప్పే ఏ మాస్టారిని అడిగినా చెబుతారు. హరిలాల్‌లో పట్టుదల లేదనడానికి వీల్లేదు. అతనికి పునాది లేదు.

1915 జనవరిలో గాంధీజీ దేశానికి తిరిగి వచ్చారు. మార్చి నెలాఖరులో హరిలాల్ తండ్రికి పెద్ద ఉత్తరం రాశాడు, రాసి అచ్చు వేయించాడు. సర్కస్‌లో జంతువులను ఆడించినట్టు మమ్మల్ని ఆడించావు అన్న ధోరణిలో సాగుతుంది ఆ ఉత్తరం. స్కాలర్‌షిప్ సంగతి, తమ్ముళ్ళ సంగతి, తన మాట ఎప్పుడూ వినకపోవడం, అన్నీ ఉన్నాయి. కోపం ఉంది కానీ బూతు లేదు, బెదిరింపు లేదు. అన్యాయం జరిగిందని నమ్మినవాడు పెద్దవాడికి చేతులు కట్టుకుని, అందరూ చదివేలా రాసిన విన్నపం అది. సత్యాగ్రహం నేర్పినవాడి మీద సత్యాగ్రహం అంటే ఇదే. దాన్ని తండ్రి మీద తిరుగుబాటుగా మాత్రమే చూసినవాళ్ళు అందులోని ప్రేమను చదవలేదు.

తమ్ముళ్ళ గురించి ఇక్కడ ఒక మాట చెప్పాలి. తప్పంతా తండ్రిదే అయితే నలుగురూ పాడవ్వాలి కదా అనే ప్రశ్న సహజం. మణిలాల్ దక్షిణాఫ్రికాలో పత్రిక నడిపి, పోరాటాల్లో జైలుకు వెళ్ళి పేరు తెచ్చుకున్నాడు. దేవదాస్ ఢిల్లీలో పెద్ద ఇంగ్లీషు పత్రికకు ఎడిటర్ అయ్యాడు, రాజాజీ కూతుర్ని పెళ్ళి చేసుకున్నాడు. కానీ వాళ్ళ బతుకులూ పూలబాట కాదు. అన్న కష్టంలో ఉన్నాడని మణిలాల్ డబ్బు సర్దితే, ఆశ్రమం డబ్బు విషయంలో తప్పు చేశావని గాంధీజీ అతన్ని ఆశ్రమం నుంచి పంపేశారు. అతను మద్రాసులో కొంతకాలం ఎవరికీ తెలియకుండా గడిపాడు. అదే ఇల్లు, అదే కఠినం. తేడా ఏమిటంటే చిన్నవాళ్ళు పెరిగేనాటికి తండ్రి తన దారి ఏమిటో తేల్చుకున్నారు. పెద్దవాడు పెరిగింది ఆ దారి ఇంకా తయారవుతున్న రోజుల్లో. ఏ ఇంట్లోనైనా తల్లిదండ్రుల ప్రయోగాలన్నీ మొదటి బిడ్డ మీదే జరుగుతాయి. గాంధీజీ ఇంట్లో ఆ ప్రయోగాలు మరీ పెద్దవి.

తరువాత కలకత్తా. అక్కడ వ్యాపారం, ఉద్యోగం, నష్టాలు. 1918 ఇన్‌ఫ్లుయెంజా దేశంలో కోటిమందికి పైగా ప్రాణాలు తీసింది. ఆ మృతుల్లో చంచల్ ఒకరు, చిన్నకొడుకు శాంతి ఒకడు. ఆ పెళ్ళి తండ్రికి ఇష్టం లేకపోవచ్చు గానీ హరిలాల్‌ను నిలబెట్టిన గుంజ అదే. ఆమె పోయాక అతన్ని పట్టి ఆపే మనిషి లేదు. మిగిలిన పిల్లలు బంధువుల దగ్గర, ఆశ్రమంలో కస్తూర్బా దగ్గర పెరిగారు. తాగుడు ముదిరింది ఆ తరువాతే.

1921 సెప్టెంబరు 14న మన విశాఖలోని వాల్తేరు స్టేషన్లో ఒక సంఘటన జరిగింది. కలకత్తా నుంచి మద్రాసు వెళ్తున్న రైల్లో గాంధీజీ, మౌలానా మహమ్మద్ అలీ కలిసి ప్రయాణిస్తున్నారు. వాల్తేరులో పోలీసులు మహమ్మద్ అలీని అరెస్టు చేశారు. గాంధీజీ అక్కడి జనానికి శాంతంగా ఉండమని చెప్పి ప్రయాణం కొనసాగించారు. ఎనిమిది రోజులకు మధురైలో చొక్కా, టోపీ వదిలి కొల్లాయి కట్టారు. అలీ సోదరులను, అంటే మహమ్మద్ అలీని, ఆయన అన్న షౌకత్ అలీని, ఆయన నిజంగా సోదరులనే అనుకున్నారు, దేశమంతా ఆయన్ని బాపూ అంటోంది. దారిలో కలిసిన ప్రతివాడికీ బంధువైపోయిన ఆ మనిషి, కన్నకొడుకుతో మాత్రం ఉత్తరాల్లో వాదులాడుకుంటున్నారు. 'ఇంట గెలిచి రచ్చ గెలువు' అనే సామెత గాంధీజీ విషయంలో తిరగబడింది. రచ్చ గెలవడానికి ఆయన ఇంటినే పణంగా పెట్టారు.

1925 నాటి వ్యవహారం ఇంకా బాధాకరం. హరిలాల్ డైరెక్టరుగా ఉన్న ఒక కంపెనీలో డబ్బు పెట్టి మోసపోయానని, ఇతను నిజంగా మీ కొడుకేనా అని పంజాబు నుంచి ఒకాయన లాయరు ద్వారా గాంధీజీకి రాయించాడు. గాంధీజీ ఆ ఉత్తరాన్ని, తన జవాబును తన పత్రిక 'యంగ్ ఇండియా'లోనే అచ్చు వేశారు. అవును, హరిలాల్ నా పెద్దకొడుకే, మా ఆదర్శాలు వేరని పదిహేనేళ్ళ క్రితమే తేలింది, అతని వ్యాపారంతో నాకు సంబంధం లేదు అన్నారు. మనుషులు మంచివాళ్ళయినంత మాత్రాన వాళ్ళ పిల్లలూ మంచివాళ్ళు కానక్కర్లేదు, పెద్ద పేర్లు చూసి డబ్బు పెట్టకండి అని హెచ్చరించారు. చెట్టు పేరు చెప్పి కాయలు అమ్ముకోవడం తప్పు. మోసపోయిన వాడికి నిజం చెప్పడం గాంధీజీ ధర్మం. కానీ దేశమంతా చదివే పత్రికలో తండ్రి చేతి రాతతో ఆ మాటలు వచ్చాక, హరిలాల్ ఇక ఎక్కడ ఉద్యోగం అడగాలి? ఎవరి దగ్గర అప్పు పుట్టాలి? మామూలు ఇళ్ళల్లో కొడుకు తప్పటడుగు వేస్తే నలుగురు పెద్దమనుషులు గదిలో కూర్చుని తేలుస్తారు. ఈ ఇంటికి గదులు లేవు, అన్నీ కిటికీలే.

1929 వేసవిలో గాంధీజీ ఖద్దరు నిధి కోసం ఆంధ్ర దేశమంతా తిరిగారు, విశాఖ కూడా వచ్చారు. ఆడవాళ్ళు ఒంటిమీద నగలు తీసి ఇచ్చిన యాత్ర అది. అంతకు రెండు నెలల ముందే, ఫిబ్రవరిలో, హరిలాల్ కొడుకు రసిక్ ఢిల్లీలో జబ్బుచేసి చనిపోయాడు. తాత ఆ దుఃఖాన్ని మోస్తూనే ఊరూరూ తిరిగారు. పనిలో పడి దుఃఖం దిగమింగుకోవడానికి ఆయనకు ఒక దేశం ఉంది. హరిలాల్‌కు సీసా ఉంది.

1936లో హరిలాల్ బొంబాయిలో ఇస్లాం స్వీకరించి అబ్దుల్లా అయ్యాడు. దేశమంతా గగ్గోలు. గాంధీజీ స్పందన జాగ్రత్తగా చదవదగ్గది. ఇస్లాం కూడా నా మతంలాగే సత్యమైనదే, మనస్ఫూర్తిగా తీసుకుని ఉంటే నాకు అభ్యంతరం లేదు, కానీ ఇది అప్పుల ఒత్తిడిలో, లాభం కోసం చేసిన పనిలా ఉంది అన్నారు. కస్తూర్బా బహిరంగంగా రాసిన ఉత్తరం మాత్రం తల్లి కడుపుకోత. మద్రాసులో నడివీధిలో అర్ధరాత్రి తాగి పోలీసులకు దొరికితే మేజిస్ట్రేటు రూపాయి జరిమానా వేశాడట గదా అని అడుగుతుంది ఆ తల్లి. కొద్ది నెలల్లోనే హరిలాల్ ఆర్యసమాజం ద్వారా మళ్ళీ హిందువయ్యాడు. మతం మార్చినవాళ్ళు ఒకసారి, తిరిగి మార్చినవాళ్ళు ఇంకోసారి అతన్ని ఊరేగించారు. రెండుసార్లూ వాళ్ళకు కావలసింది గాంధీ కొడుకు, హరిలాల్ కాదు.

తాగుడు దురలవాటు కంటే ఎక్కువగా ఒక జబ్బు అని గాంధీజీయే రాశారు. మానాలని ఉండీ మానలేని వాళ్ళు ఎంతోమంది తనకు తెలుసన్నారు. ఇవాళ వాల్తేరు ప్రాంతంలో ప్రభుత్వ మానసిక ఆసుపత్రి ఉంది, తాగుడు మాన్పించే వైద్యం ఉంది. అదే చుట్టుపక్కల టీబీకి చూసే ఛాతీ ఆసుపత్రి ఉంది. హరిలాల్‌కు అవసరమైన రెండు ఆసుపత్రులూ కూతవేటు దూరంలో ఉన్నాయన్నమాట. విపరీతంగా తాగేవాళ్ళలో రోగనిరోధక శక్తి తగ్గి టీబీ తేలిగ్గా పట్టుకుంటుంది. ఆ రోజుల్లో ఇలాంటివాడికి దొరికింది వైద్యం కాదు, ఉపదేశం. గాంధీజీ జబ్బు పేరు సరిగ్గానే చెప్పారు. మందు మాత్రం ఆయన దగ్గర ఒక్కటే, పశ్చాత్తాపం. 1935లో కొడుకు కొంత కుదుటపడితే పొంగిపోయి ఉత్తరాల మీద ఉత్తరాలు రాశారు. మళ్ళీ జారితే అంతకంతా కుంగిపోయారు. ఈ జబ్బున్న ఇంట్లో టెన్షన్ ఎలా ఉంటుందో అనుభవించినవాళ్ళకు ఈ ఉత్తరాలు కొత్తగా అనిపించవు.

కట్నీ స్టేషన్ కథ ఒకటి చెబుతారు. రైలు ఆగింది, మహాత్మా గాంధీకి జై అని జనం అరుస్తున్నారు. ఆ గుంపులోంచి ఒక్క గొంతు మాతా కస్తూర్బాకు జై అంది. చిరిగిన బట్టలతో, పళ్ళూడిన నోటితో హరిలాల్. జేబులోంచి ఒక కమలాపండు తీసి, అమ్మా, నీకోసమే తెచ్చానన్నాడు. నాకేం తెచ్చావని తండ్రి అడిగితే, నీకేం లేదు, నీ గొప్పతనమంతా అమ్మ వల్లే వచ్చిందన్నాడట. అమ్మ రమ్మన్నా రైలెక్కలేదు.

కస్తూర్బా 1944 ఫిబ్రవరి 22న పుణె ఆగాఖాన్ ప్యాలెస్ నిర్బంధంలో కన్నుమూశారు. చివరి రోజుల్లో హరిలాల్ చూడటానికి వచ్చాడు, ఒకసారి తాగి వచ్చాడు. ఆవిడ నుదురు బాదుకున్నారు. 1948 జనవరిలో గాంధీజీ హత్య జరిగాక చితికి నిప్పు పెట్టింది మూడో కొడుకు రామదాస్. తండ్రికి తలకొరివి పెట్టాల్సింది పెద్దకొడుకని మన పల్లెల్లో చిన్నపిల్లవాడికి కూడా తెలుసు. అదే ఏడాది జూన్ 18న బొంబాయి శివ్డీ టీబీ ఆసుపత్రిలో హరిలాల్ ప్రాణం విడిచాడు. టీబీని లొంగదీసే స్ట్రెప్టోమైసిన్ మందు అప్పటికే కనిపెట్టారు గానీ మన దేశంలో సామాన్యుడికి ఇంకా అందుబాటులోకి రాలేదు.

పెద్దకొడుకు గురించి గాంధీజీ ఆత్మకథలో రాసుకున్న వాక్యాలు మళ్ళీ మళ్ళీ చదవాల్సినవి. అతనిలోని లోపాలు తన తొలినాటి క్రమశిక్షణ లేని జీవితానికి ప్రతిధ్వని అన్నారు. బీఏలు, ఎంఏలు, కనీసం మెట్రిక్ పాసైనవాళ్ళు కనిపించినప్పుడల్లా తన కొడుకులకు ఆ లోటు గుర్తొస్తుందని ఒప్పుకున్నారు. ఒప్పుకున్నారు గానీ తన నిర్ణయం తప్పు అనలేదు. హరిలాల్ మాత్రం ఆ లోటుతోనే పోయాడు.

హరిలాల్ కొడుకు కాంతిలాల్. కాంతిలాల్ కొడుకు వైద్యం చదివి, అమెరికాలోని కాన్సాస్‌లో గుండె ఆపరేషన్లు చేసే సర్జన్ అయ్యాడు. తరువాత ఆ రాష్ట్ర శాసనసభకు ఎన్నికయ్యాడు. అతని పేరు శాంతి. 1918లో తల్లితో పాటు పోయిన హరిలాల్ చిన్నకొడుకు పేరూ అదే.